తూర్పు కిటికీ పరదా

అమ్మా భువనా,

నేను గుడియాత్తం వెళ్తున్నాను. మీ అత్తగారు నేయమని చెప్పిన దిండు గలీబుల గుడ్డ సిద్ధమైందని మగ్గం ఏసుదాస్ ఫోన్ చేశాడు. ఆమె ఇక లేదన్న సంగతి అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

పరదాలు తగిలించడానికి టైలర్ జీవా ఉదయం వస్తాడు. కడ్డీలను కిటికీకి జానెడు పైన బిగించమను. గుడ్డ నేలను తాకీ తాకనట్లు ఉండాలి. కొత్తగా కొన్న కరెంటు దీపం మీది ప్లాస్టిక్ కవరు తీసివేయి. ఇవన్నీ ఆమె నిర్ణయించినవే. నేను తెలియజేస్తున్నాను, అంతే.

నిన్న నువ్వు, "ఆ తూర్పు కిటికీది ఒగటి కుట్టించేస్తే ఇల్లు నిండుగా ఉంటాది మామా" అన్నావు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయితే ఆ పరదా అంచును సగం వరకు మీ అత్తగారే చేత్తో కుట్టింది. ఆసుపత్రికి బయలుదేరుతూ, "వచ్చినాక ముగిస్తా, ఎవురూ ముట్టబాకండి, వంకర పోతాది" అని మడిచి పెట్టింది. దానిని జీవా చేతికి ఇవ్వవద్దు. ఉన్నది ఉన్నట్లుగానే తగిలించు. మిగిలిన అంచు వేలాడితే వేలాడనీ. వచ్చినవారు ఎవరైనా అడిగితే, మామ మాట అని చెప్పు.

సాయంత్రం వేలూరు బస్సుకు వచ్చేస్తాను. భోజనానికి నా కోసం కాచుకోవద్దు.

జి. చిన్నస్వామి

తా.క. సూది దారంతో సహా ఆ గుడ్డలోనే ఉంది. తీయవద్దు. పాప నివేద చేతికి అందకుండా అక్కడ ఒక కుర్చీ అడ్డం పెట్టు. మీ అత్తగారి కుర్చీయే పెట్టు.