నీళ్ళ బ్యాడ్జీకి రాయప్ప తోడు

కాలువ లస్కరు క్వార్టర్సు,
ఆళ్లగడ్డ,
3 ఆగస్టు 1981.

నంద్యాల మఠంలోని సిస్టర్ శౌరమ్మగారికి, రిటైరైన టీచరు ఎస్తేరమ్మ వందనాలు.

మీరు నన్ను ఎరుగరు. మా ఊరి శాంతమ్మ టీచరు నంద్యాల ఆసుపత్రిలో మిమ్మల్ని కలిసి, మీ సంగతి వచ్చి నాకు చెప్పింది. బడికి పోలేని పిల్లలకు ఇంటి దగ్గర చేసుకునే పనులు రాసి పంపుతారట. పని పూర్తి చేస్తే గుడ్డ మీద కుట్టిన బ్యాడ్జీ పోస్టులో వస్తుందట.

నా కొడుకు యేసుదాసు కాలువ మీద లస్కరు. తూములు ఎత్తడం, దించడం వాడి ఉద్యోగం. ఊరికి దూరంగా గట్టు మీదనే మా కాపురం. మనవరాలు జయశీలకు చిన్నప్పుడు జ్వరం తగిలి ఎడమకాలు సన్నబడింది, బడి దాకా నడవలేదు. అక్క పోని బడికి నేనూ పోనని తమ్ముడు నెహెమ్యా మొండికేశాడు. కోడలు కాన్పుకు డోనులో పుట్టింటికి పోయింది. కాబట్టి ఇంట్లో హెడ్‌మాస్టరూ నేనే, అటెండరూ నేనే. పాఠాలకు లోటు లేదు. కానీ నా దగ్గర బెత్తం ఉందిగానీ బ్యాడ్జీలు లేవు. ఈ మధ్య బెత్తం పారడం లేదు.

ఒక మాట ముందే చెబుతున్నాను. మేము ప్రొటెస్టెంట్లం. జపమాలలు, పటాలు, కొవ్వొత్తులు మా గడప దాటి రావు. బ్యాడ్జీలు రావచ్చు.

ప్రభువునందు,
ఎస్తేరమ్మ

తా.క. బ్యాడ్జీ మీద మరియమ్మ బొమ్మ ఉంటే ఫరవాలేదు. లోపలివైపుకు తిప్పి కుట్టుకుంటాం.


నంద్యాల,
10 ఆగస్టు 1981.

గౌరవనీయులైన ఎస్తేరమ్మగారికి, యేసు మరియల దీవెనలు కోరుతూ సిస్టర్ శౌరమ్మ రాస్తున్నది.

మీ ఉత్తరం చూసి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నేను గుంటూరు వైపు నుంచి ఈ మధ్యే వచ్చాను. ఈ ప్రాంతంలో ఇంట్లోనే చదువుకుంటున్న పిల్లలు నాకు దొరకడం ఇదే మొదలు.

కాలువ పక్కన ఉంటున్నారు కనుక నీళ్ళ బ్యాడ్జీతో మొదలుపెడదాం. పనులు తేలికే. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో పిల్లలు చూసి మీకు చెప్పాలి. దాహంతో ఉన్నవారికి నీళ్ళివ్వాలి. గట్టు మీద ఒక మొక్క నాటాలి.

నీళ్ళ దగ్గర పని కదా అని మీరు భయపడవద్దు. ఈ బ్యాడ్జీకి రాయప్పగారు తోడు. పిల్లలు పని చేసినంతసేపూ దగ్గరే ఉండి చూసుకుంటారు. మీ పిల్లలిద్దరినీ ఈ ఉదయమే ఆయనకు అప్పజెప్పాను.

మీ ప్రార్థనలలో నన్ను తలచుకోండి,
సిస్టర్ శౌరమ్మ

తా.క. రాయప్పగారిని గుర్తుపట్టడం సులువు. తెల్లగడ్డం, మొలలో తాళంచెవుల గుత్తి. పిల్లలు పలకరిస్తే మురిసిపోతారు.


ఆళ్లగడ్డ,
17 ఆగస్టు 1981.

సిస్టర్ శౌరమ్మగారికి వందనాలు.

కాగితం అందింది, పిల్లలకు చదివి వినిపించాను. పనులు బాగున్నాయి. కానీ ఈ రాయప్ప ఎవరు? ముక్కూ మొహం తెలియని మగమనిషికి మా పిల్లల్ని అప్పజెప్పేముందు నన్నొక మాట అడగాలని మీకు తోచలేదా? ఆయన యాడ పడుకుంటాడు, ఏం తింటాడు? మాది రెండు గదుల ఇల్లు. పైగా కాలువకు కాపలాగా నా కొడుకు ఉండగా మీరు ఇంకొక కాపలా పంపితే, వాడి పై ఆఫీసరుకు ఏమని జవాబు చెప్పుకోవాలి?

ఆ తాళంచెవులు వేటివో కూడా తెలియజేయండి. దయచేసి ఆయనను పంపవద్దు.

వందనాలతో,
ఎస్తేరమ్మ

తా.క. ఈ ఉత్తరం అతికించబోతుండగా జయశీల కుంటుకుంటూ వచ్చి, "అవ్వా, రాయప్ప వచ్చినాడు. పాత తూము కాడ నిలబడుండాడు" అంది. నేను పోయేసరికి ఎవరూ లేరు. మనిషిని పంపేముందు జవాబు కోసం ఆగడం మర్యాద.


నంద్యాల,
24 ఆగస్టు 1981.

ప్రియమైన ఎస్తేరమ్మగారికి దీవెనలు.

మీ తాజా కలం మఠంలో అందరికీ చదివి వినిపించాను. మా మదర్‌గారు కళ్ళు తుడుచుకున్నారు. పిల్లల మనసు ఎంత నిర్మలంగా ఉంటే ఆయన అంత తొందరగా వస్తారు.

భోజనం గురించి మీకు ఏ శ్రమా వద్దు. ఆయన తిని చాలాకాలమైంది. పడుకోవడానికి చోటు అక్కరలేదు. నీళ్ళ పక్కన ఒక కొవ్వొత్తి వెలిగిస్తే చాలు, మీకు ఇష్టం లేకపోతే అదీ వద్దు. ఆయనను వెళ్ళిపొమ్మని మాత్రం అనకండి. అన్నా వెళ్ళరు.

సిస్టర్ శౌరమ్మ

తా.క. మీకు కనబడలేదని చిన్నబుచ్చుకోవద్దు. పెద్దవాళ్ళకు అందరికీ కనబడరు.


ఆళ్లగడ్డ,
2 సెప్టెంబరు 1981.

సిస్టర్ శౌరమ్మగారికి.

మీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. తిండి లేని మనిషిని, పెద్దలకు కనబడని మనిషిని, పొమ్మన్నా పోని మనిషిని మా ఇంటి మీదికి ఎందుకు పంపారు?

జరుగుతున్నది చెబుతాను, వినండి. దాహానికి నీళ్ళివ్వాలని మీరు రాశారు కదా. పిల్లలు రోజూ పాత తూము దగ్గర చెంబుతో నీళ్ళు పెడుతున్నారు. సాయంత్రానికి చెంబు ఖాళీగా, బోర్లించి ఉంటోంది. ఆ తూము మూతపడి ఏళ్ళయింది, దాని పక్కన రాతిగది ఒకటుంది. నా కొడుకు పోయి చూస్తే ఆ గది లోపల గడియ వేసి ఉంది. ఎంత తట్టినా పలుకు లేదు. కాలువలోంచి గదికి పోయే మెట్ల మీద తడి పాదాలు పైకెక్కినవి ఉన్నాయి, దిగినవి లేవు. ఇప్పుడు ఆ వైపు పోవాలంటే నన్ను తోడు రమ్మంటున్నాడు. వాడు గవర్నమెంటు ఉద్యోగి.

జయశీలను కూర్చోబెట్టి అడిగాను. ఏం మాట్లాడాడే నీతో అని.

"నీళ్ళ దగ్గరికి రావద్దు పాపా, ఆడనే ఉండు అన్నాడవ్వా."

"నువ్వేమన్నావు?"

"నువ్వు రాయప్పవా అన్న్యా. ఔ అన్నాడు. ఈడ ఏం చేస్తాండావ్ అన్న్యా. మా పాప కోసరం చూస్తాండా అన్నాడు."

"వాళ్ళ పాప యాడుందంట?"

జయశీల నా కొంగు పట్టుకుంది. "నీళ్ళ దిక్కు చూపించినాడవ్వా" అంది.

నాకు బ్యాడ్జీలు వద్దు, ఏమీ వద్దు. మీ మనిషిని వెనక్కి పిలిపించుకోండి.

ఎస్తేరమ్మ

తా.క. పిల్లలు గట్టు మీద వేపమొక్క నాటారు. అది మాత్రం లెక్కలో వేసుకోండి. కష్టపడ్డారు.


నంద్యాల,
9 సెప్టెంబరు 1981.

ఎస్తేరమ్మగారికి.

ఎలా రాయాలో తెలియడం లేదు. ఘోరమైన పొరపాటు జరిగింది, తప్పు నాదే. మా వైపు కతోలికులం పునీతులను తాతల నాటి పేర్లతో పిలుస్తాం. పౌలుగారు మాకు చిన్నప్ప. యోహానుగారు అరుళప్ప. రాయప్ప అంటే, మీరు పేతురు అంటారే, ఆయనే. తాళంచెవులు పరలోకానివి. అప్పజెప్పాను అంటే ప్రార్థనలో అప్పజెప్పానని. తిని చాలాకాలమైంది అన్నదీ అందుకే. మీరు ప్రొటెస్టెంట్లని తెలిసి కూడా ఈ ముక్క వివరంగా రాయాలని నా మట్టిబుర్రకు తట్టలేదు.

మఠం నుంచి మేము ఎవరినీ పంపలేదు. పేతురుగారికి నీళ్ళలో పోయిన పాప ఉన్నట్టు నేను ఎక్కడా వినలేదు. మీ గట్టు మీద నిలబడుతున్నది ఎవరో నాకు తెలియదు. పిల్లలను గడప దాటనివ్వకండి. మదర్‌గారు పోలీసులకు చెప్పమంటున్నారు. ఫాదర్‌గారు పోలీసులతో అయ్యే పని కాదంటున్నారు.

భయంతో,
సిస్టర్ శౌరమ్మ

తా.క. మంత్రించిన తీర్థం సీసా ఒకటి బస్సులో పంపుతున్నాను. మీ నియమం నాకు గుర్తుంది. కాలువ నీళ్ళే అనుకొని చల్లుకోండి.


ఆళ్లగడ్డ,
8 అక్టోబరు 1981.

ప్రియమైన శౌరమ్మకు వందనాలు.

పేతురుకు రాయప్ప అని పేరు పెట్టే హక్కు మీకు ఎవరిచ్చారో తర్వాత మాట్లాడుకుందాం. ముందు, అందరం ప్రాణాలతో ఉన్నామని తెలుసుకో. ఇల్లు లేదు. శాంతమ్మ టీచరు ఇంటి వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను.

పోయిన ఆదివారం సంగతి. వారం పొడుగునా ఒకటే వాన. యేసుదాసు పైతూములు దించడానికి దూరం పోయాడు. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి పిల్లల్ని నేను బయటికి పంపలేదు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుని, సంగటి తిని, చెరొకపక్క పడుకోబెట్టుకుని నేనూ కన్ను మూశాను. మధ్యాహ్నమే అయినా ఇంట్లో మనిషికి మనిషి కనబడనంత మబ్బు.

ఎవరో తలుపు తట్టారు. "టీచరమ్మా, లెయ్యి. పిల్లోళ్ళను తీసుకోని పైకి రా" అన్నారు. రిటైరయ్యాక నన్ను ఆ మాటతో పిలిచినవాళ్ళు లేరు. పాత అలవాటు, లేచి కూర్చున్నాను. తలుపు తీస్తే ఎవరూ లేరు. వాకిట్లో మాత్రం పాదాలు మునిగేంత నీళ్ళు, ఎర్రగా, చప్పుడు లేకుండా లోపలికి వస్తున్నాయి. జయశీలను వీపున వేసుకుని, నెహెమ్యా రెక్క పట్టుకుని వెనక దిబ్బ ఎక్కాను. ఎక్కి తిరిగేసరికి గట్టుకు గండి పడింది. పాత తూము, రాతిగది, మా ఇల్లు, ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి కూర్చున్నాయి.

దిబ్బ మీద మాకంటే ముందే ఒక ముసలాయన ఉన్నాడు. తెల్లగడ్డం. మొలలో తాళంచెవులు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. నెహెమ్యా నా చెయ్యి విడిపించుకుని "రాయప్ప తాతా" అంటూ పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. పేతురైతే కాళ్ళకు మొక్కకూడదు, దయ్యమైతే గద్దించాలి. ఏది చెయ్యాలో తెలియక ప్రభువు ప్రార్థన మొదలుపెట్టి సగంలో మరిచిపోయాను.

"నేను మనిషినేనమ్మా" అన్నాడు ఆయన. "తిరుపాలును."

ఆ పేరు నాకు తెలుసు. నా కొడుకుకు ముందు ఇక్కడ లస్కరు ఆయనే. ఆయన మనవరాలు లక్ష్మీదేవి పాత తూము దగ్గర కాలు జారి నీళ్ళలో పోయింది. తల్లీతండ్రీ లేని బిడ్డ, తాత దగ్గరే పెరిగింది. ఆ తర్వాత ఆయన ఉద్యోగం వదిలి, వెలుగోడులో తమ్ముడి దగ్గరికి పోయాడన్నారు. మా ఊళ్ళో తల్లులు ఇప్పటికీ పిల్లలు నీళ్ళ దగ్గరికి పోతే, "తిరుపాలు వస్తాడు" అనే బెదిరిస్తారు. నేనూ బెదిరించాను.

ఈ వానాకాలం మొదట్లో ఆయన తిరిగి వచ్చాడు. తన పాత తాళంచెవితో రాతిగది తెరుచుకుని, పగలంతా నీళ్ళ వైపు చూస్తూ కూర్చునేవాడు. నా కొడుకు వస్తే లోపల గడియ వేసుకునేవాడు, గవర్నమెంటు గదిలో దొరికితే కేసు పెడతారని.

"మరి బిడ్డకు రాయప్పనని ఎందుకు చెప్పినావు?" అన్నాను.

"నా పేరు చెప్తే లగెత్తిపోతాదమ్మా. కాలు బాగలేని బిడ్డ. రాయప్ప అంటే నవ్వతాండె."

ఆయనను ఇంకేమీ అడగలేకపోయాను. "పోనీలే. నువ్వు వచ్చి తలుపు తట్టబట్టి బతికినాం" అన్నాను.

తిరుపాలు నా మొహంలోకి చూశాడు. "నేను యాడ తట్టినానమ్మా? నేనూ పండుకోనుంటి. నా తలుపే ఎవురో తట్టిరి. మీ పాపేమో అనుకున్యా" అన్నాడు.

నేను జయశీలను అడిగాను. "నీ పక్కనే నిద్రపోతాంటి కదవ్వా" అంది. యేసుదాసు ఆ వేళకు పైతూముల దగ్గరే ఉన్నాడు, వెంట మనుషులున్నారు. ఆ గట్టు మీద మేము తప్ప ఇంకొక ఇల్లు లేదు.

పేతురు పరలోకంలో ఉన్నాడని మా నమ్మకం. ఆదివారం మధ్యాహ్నం కాలువగట్టుకు వస్తాడని వాక్యంలో ఎక్కడా లేదు. అయినా నీకు తెలిసినాయన కదా, అందుకని అడుగుతున్నాను. మీ రాయప్ప మాలాంటి వాళ్ళ తలుపులూ, తిరుపాలులాంటి వాళ్ళ తలుపులూ కూడా తడతాడా?

నీ శ్రేయోభిలాషి,
ఎస్తేరమ్మ

తా.క. ఉత్తరం ముగించి, మాతోపాటు ఈ వసారాలోనే ఉంటున్న తిరుపాలుకు చదివి వినిపించాను. "మిమ్మల్ని టీచరమ్మా అని పిలిచినారా?" అని అడిగాడు. అవునన్నాను. మొలలోంచి తాళంచెవుల గుత్తి తీసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "మా పాప మీ బళ్ళోనే కదమ్మా సదివింది, రెండో తరగతి. నన్నేమో, తాతా, నేనీడ లేను, పైకి రా అని పిలిచె." శౌరమ్మా, ఆ పిల్ల ముఖం నాకు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. ఆ ఆదివారం తలుపు దగ్గర విన్న గొంతు మాత్రం చెవిలోనే ఉంది, చిన్న గొంతు. నీళ్ళ బ్యాడ్జీలు రెండు కాదు, మూడు పంపు.