పూతరేకులు విరగకుండా

నవంబర్ 3
హలో డైరీ, ఏమీ అనుకోకు. దీపావళి ఆర్డర్లలో పడి నీ మొహం చూడలేదు.

ఇవాళ ఏడుపొక్కటే తక్కువ. నా బిజినెస్ సంగతి నీకు తెలిసిందే. ఆత్రేయపురంలో ఇంద్రజ పూతరేకులు చుడుతుంది, ఎల్‌టీసీ మీద ఊరెళ్లినవాళ్లు బెర్త్ కింద పెట్టుకొస్తారు, నేను ఢిల్లీ మయూర్ విహార్‌లో నా చిన్న షాపులో అమ్ముతా. ఈసారి సరోజిని ఆంటీ తెచ్చింది. కార్టన్ మీద ఎవరో సూట్‌కేస్ పెట్టారు. మూత తీస్తే అంతా పొడి. స్పూన్‌తో తినొచ్చులే అమ్మాయ్ అంటుంది ఆంటీ, పైగా.

నోయిడా కేటరర్ మనోహర్‌ది ఒకటే మాట. ఇరవై ఎనిమిదిన ఒక పెళ్లి ఆర్డరుంది, విరగకుండా ఇస్తే సీజనంతా నాకేనట. లేదంటే కాజూ బర్ఫీతో కానిచ్చేస్తాడట.

నవంబర్ 5
ఐడియా! సరుకు కాదు, ఇంద్రజనే తెప్పిస్తా. రైలు, బెర్తు, సూట్‌కేసు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. అంతా నా కళ్ల ముందే.

ఫోన్ చేస్తే పకపకా నవ్వింది. కుండ నెత్తిన పెట్టుకుని ఢిల్లీ రమ్మంటావా, పిచ్చిమొహమా అంది. చిన్నప్పుడు ఒకే బెంచీ మాది. తిట్టి మరీ ఒప్పుకుంది.

నవంబర్ 12
వచ్చింది, కుండతో సహా. ఇందులో ఏముందమ్మా అని టీసీ అడిగితే గాలి అందట.

మధ్యాహ్నం టెర్రస్ మీద కుండ బోర్లించి, వెంట తెచ్చుకున్న ఎండు కొబ్బరాకుల మంట పెట్టింది. పొగ లేచిందో లేదో సొసైటీ సెక్రటరీ భీమశంకరం అంకుల్ ఆయాసపడుతూ పైకొచ్చారు. ఊరంతా పొల్యూషన్‌తో దగ్గి చస్తుంటే మీకు హోమాలు కావాల్సొచ్చాయా, ఫైన్ మీ ఆయన కడతాడా అని. ఆయనే ఆర్పారు, బకెట్‌తో.

నవంబర్ 13
గ్యాస్ మీద ట్రై చేశాం. కుండ ఒకపక్క మాడుతుంది, ఇంకోపక్క కాలదు. పిండిలో ముంచిన గుడ్డ పరిస్తే రేకు లేస్తోంది గానీ చేతికి రాగానే చీలిపోతోంది. ఇక్కడి గాలికి దాహమే, రేకులో తడంతా తాగేస్తోంది అంటుంది ఇంద్రజ.

గోదావరి గాలి నేనెక్కడ కొననూ?

నవంబర్ 16
చలిలో కూలర్ ఆన్ చేశాం. కిటికీలకి తడి దుప్పట్లు. మా ఆయన స్వెటర్ మీద స్వెటరేసుకుని ఆఫీసుకి తొందరగా పారిపోతున్నారు. కొన్ని రేకులు నిలిచాయి. గంతులేశాం.

నవంబర్ 17
విరిగాయి.

నవంబర్ 20
మనోహర్ సరుకు చూడ్డానికొచ్చాడు. నేను టీ పెట్టేలోపు ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. ఇంద్రజ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. తను ఊళ్లోనే చుడుతుందట, రాజమండ్రి నుంచి ఫ్లైట్‌లో మనోహర్ మనిషే చేత్తో పట్టుకొస్తాడట, సీజనంతా నేరుగా అతనికేనట. నీకింక ఈ తలనొప్పి తప్పిందే అంటూ నన్ను వాటేసుకుంది. దాని మొహంలో కల్మషం వెతికా. లేదు. ఉంటే తిట్టుకునేదాన్ని కదా.

అచ్ఛా అన్నా. టీలో చక్కెర మర్చిపోయా. మనోహర్ బాగుందన్నాడు.

నవంబర్ 21
ఇంద్రజని రైలెక్కించొచ్చా. కుండ నాకే వదిలేసింది, ప్రాక్టీస్ చెయ్యమని.

డిసెంబర్ 2
సరోజిని ఆంటీ ఇంద్రజ నంబర్‌ని తెలుగువాళ్ల గ్రూప్‌లో పెట్టింది. కింద అందరూ దండాలు, బొటనవేళ్లు. పాపం ఆంటీ నాకు విడిగా కూడా పంపింది, నీకు పనికొస్తుందేమో అని. షాప్ బోర్డు మీద పూతరేకులు అన్న ముక్కకి అడ్డంగా పేపర్ అంటించా. పచ్చళ్లూ అప్పడాలూ ఉన్నాయి. అవెవరికి కావాలి, యాప్‌లో పాల ప్యాకెట్ కంటే ముందొస్తున్నాయి.

డిసెంబర్ 9
మనోహర్ ఫోన్. ఫ్లైట్ మనిషి మానేశాడట. దీదీ, మీకిప్పుడు తీరికే కదా, ఊరెళ్లి ఇంద్రజగారి దగ్గర కార్టన్ పట్టుకొస్తారా, ఒళ్లో పెట్టుకుంటే చాలు అన్నాడు.

డిసెంబర్ 10
టికెట్ తీశా. ఇంద్రజకి మెసేజ్ పెట్టా. బుధవారం దిగుతున్నా, ఎప్పుడు కలుద్దామే?