పొయ్యి మీది పైన్ పలక

ఫ్రాంక్లిన్, టాస్మేనియా
జూలై పదకొండు

ప్రియమైన హెస్టర్‌కు,

నువ్వూ, మన అమ్మాయి రోవెనా, ఇంకా పేరు కుదరని మన మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను, అయిదు కోళ్లు, నా మోకాలి నొప్పి ఎవరి చోట వాళ్లం క్షేమంగానే ఉన్నాం. నది మీద పొగమంచు పదింటికి గాని విడవడం లేదు. డార్విన్‌లో ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారుతున్నాయని రాశావు. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగి చేతులు కాచుకున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. "ఎర్ర పెన్సిలు ముట్టుకోకుండా చదవాలి" అని పైన రాసి, కింద గీత కూడా గీశావు. ముట్టుకోలేదు. రెండో పేజీలో కర్త ఒకరు, క్రియ ఇద్దరిది. చూసీ చూడనట్టు వదిలేశాను. దీన్ని నా ప్రేమకు నిదర్శనంగా స్వీకరించు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఆదివారం పక్కింటివారు సముద్రపు గుల్లల కూర పెట్టి కాల్చి ఇచ్చిన 'స్కాలప్ పై', సోమవారం దాని శేషం, ఆ తరువాత నేను చేసుకున్న సూపు. దాని గురించి ఎక్కువ రాయను. ఆపిల్ చెట్ల కొమ్మలు సగం కత్తిరించాను, మిగతా సగానికి మోకాలు ఒప్పుకోలేదు. నువ్వు చెప్పినట్టే ఎర్ర మఫ్లరు మెడకే ఉంది. పాప పేరులో మీ నాన్నగారి పేరు కలపాలన్న ఆలోచన నాకు నచ్చింది. ఇవార్ అనే పేరు ఆడపిల్లకు ఎలా ఒదుగుతుందో మాత్రం రోవెనాయే తేల్చుకోవాలి.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. "నాన్న వాసన ఇంకా వస్తోందా?" అని అడిగావు. దానికి జవాబు రాయలేక మూడు రోజులుగా కాగితాలు చింపుతున్నాను. ఫోనులో చెబుదామని రెండుసార్లు చేసి, వెనుక పాప ఏడుపు వినిపించగానే పెట్టేశాను.

హాల్లోని పాత నిప్పుగూట్లో కొత్త ఇనుప పొయ్యి దిగి, వెలిగిన నాటి నుంచి సాయంత్రాలు ఇల్లంతా హ్యూవన్ పైన్ చెక్క పరిమళమేనని మూడు ఉత్తరాలలో వర్ణించాను. మీ నాన్నగారు పడవ చెక్కలు చిత్రిక పట్టే షెడ్డులోకి మళ్లీ అడుగుపెట్టినట్టుందని రాశాను. ఆయన చివరి పడవకు వాడగా మిగిలిన చెక్కతో మన పెళ్లికి చేసిచ్చి, నిప్పుగూటి పైన గోడకు అడ్డంగా బిగించిన ఆ పలక, నలభై మూడేళ్లకు మళ్లీ ఊపిరి తీస్తోందని కూడా రాశాను. దాన్ని రోవెనాకు చదివి వినిపిస్తూ ఏడ్చానన్నావు.

హెస్టర్, అది ఊపిరి కాదు. పలక కాలుతున్న వాసన.

పొయ్యి అమర్చిన కెర్రిన్ డౌలింగ్ నీకు గుర్తుండే ఉంటుంది. నా తరగతిలో మూడో బల్ల, ఎప్పుడూ కిటికీలోంచి నదినే చూసే పిల్ల. ఇప్పుడు హ్యూవన్‌విల్‌లో రేకు పనికి ఆమె తరువాతే ఎవరైనా. పొయ్యి బిగించిన రోజే నాతో చెప్పింది.

"సార్, పొయ్యికీ ఈ పలకకీ మధ్య ఎడం చాల్లేదు. వేడి తగలకుండా అడ్డురేకు చేసి తెస్తా. అందాకా అగ్గిపుల్ల కూడా గియ్యొద్దు."

"నలభై మూడేళ్లుగా నిప్పు మీదే ఉన్న పలకమ్మా ఇది."

"అప్పుడు వేడంతా పొగగొట్టంలోంచి పోయేది సార్. ఈ పొయ్యి దాన్ని గదిలోకి తోస్తుంది. ముందు తగిలేది ఈ పలకకే. పొయ్యితో వచ్చిన పుస్తకంలో రాసుంది, చదువుకోండి."

చదివాను. ముప్పై రెండు పేజీలలో అరవై ఒక్క తప్పులున్నాయి. అన్నీ దిద్ది, అట్ట మీద పదికి నాలుగు మార్కులు వేశాను. పలకకు ఉండవలసిన దూరం గురించిన వాక్యంలో క్రియ లేదు. క్రియను చేర్చి, పేజీ తిప్పేశాను.

కెర్రిన్‌కు రేకు రావడం ఆలస్యమైంది. నాలుగో రోజు ముంగిలి గడ్డంతా మంచుతో తెల్లబడింది. పొయ్యి వెలిగించాను. వాసన వచ్చింది. నీకు రాయడానికి అంత మంచి కబురు నాకు చాలా ఏళ్లుగా దొరకలేదు. వాసన ఇంకొంచెం బాగా రావాలని మరో దుంగ వేసేవాణ్ణి, దాని ఎదుటే కూర్చుని నీకు ఉత్తరం రాసేవాణ్ణి.

పోయిన శనివారం పొద్దున కెర్రిన్ రేకు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నాళ్లయింది సార్ ఈ వాసన?"

"మూడు వారాలు. బాగుంది కదూ?"

టార్చి తీసుకుని పొయ్యి ముందు వెల్లకిలా పడుకుంది. "ఇటు రండి. వంగలేకపోతే మీరూ పడుకోండి."

పడుకున్నాను. పలక అడుగు భాగం జానెడు మేర మాడిన రొట్టెలా నల్లబడి, పగుళ్లు తీసి ఉంది.

"చెక్కలో నూనె ఉడుకుతుంటే వచ్చే వాసన సార్ ఇది. ఇంకో నెల వెలిగించుంటే మీరు రాయడానికి బల్ల కూడా మిగిలేది కాదు." లేస్తూ, పలక మీదున్న పుస్తకం తీసి అట్ట చూసింది. "మార్కులు వేశారు గానీ పాఠం చదవలేదన్నమాట. 'పాఠం చదవలేదు' అని మాలో ఎంతమందిని అనుంటారు సార్ మీరు?"

పుస్తకం అందుకుని, అట్ట కనబడకుండా బోర్లించి పెట్టాను.

మాడినదంతా గీకి, పసుపు చెక్క కనబడేదాకా మెల్లగా చిత్రిక పట్టింది. అక్కడ మీ నాన్నగారి ఉలి గుర్తులు పోయాయి. అవి ఇక రావు. తరువాత నల్లరేకు బిగించబోతుంటే, సందు లేకుండా చెక్కకు ఆనించి కొడితే చూడముచ్చటగా ఉంటుందని సలహా ఇచ్చాను.

"ఆనించి కొడితే రేకు కాలి, అదే పలకని కాలుస్తుంది. మధ్యలో గాలి ఆడాలి. ఈసారికి నా మాట వినండి."

చిన్న పింగాణీ దిమ్మలు పెట్టి, అంగుళం సందు వదిలి బిగించింది. గంటసేపు పొయ్యి నిండుగా మండించి, పలక అడుగున చెయ్యి ఆనించి ఇరవై దాకా లెక్కపెట్టమంది. ఒక్క అంకె మింగకుండా లెక్కపెట్టాను. కోడి అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చగా ఉంది, అంతే. వాసన లేదు.

పనిముట్లు సర్దుకుంటూ, "రేకు వెనకాలేముందో మేడమ్‌గారికి కనబడదులెండి. మీరు చెబితే తప్ప," అంది.

"నువ్వేమంటావు?"

"మూడో బల్లదాన్ని, నన్నడుగుతారేంటి సార్!"

కాబట్టి చెబుతున్నాను. నువ్వు వచ్చాక రెండు మరలు విప్పి చూపిస్తాను. నీ ప్రశ్నకు జవాబు: రావడం లేదు. ఇక రాకూడదు కూడా. వాసన రాకుండా ఉంటేనే మీ నాన్నగారి పలక మనకు దక్కుతుంది.

ఈ కవరులో మడిచిన కాగితం ఒకటి ఉంది, జాగ్రత్తగా విప్పు. కెర్రిన్ తీసిన చిత్రికపొట్టులో మసి లేని ముక్కలు ఏరి పెట్టాను. అరచేతుల్లో నలిపి వాసన చూడు, పాప ముక్కు దగ్గర కూడా ఒక్కసారి పెట్టు. దీనికి నిప్పు అక్కర్లేదు.

భయం లేదు, పొయ్యి వెలిగించుకోమంది కెర్రిన్. నీ మాట వచ్చేదాకా వెలిగించను. రెండు స్వెట్టర్లూ మఫ్లరూ ఉన్నాయి, కానీ చలి బాగానే ఉంది. తొందరగా జవాబు రాయి. ఎన్ని తప్పులున్నా ఫరవాలేదు.

ఇట్లు,
ఈసారి తప్పు తనదే అయిన నీ భర్త,
క్లెమెంట్