మార్చిలో పట్టిన గాలి

నల్లపాడు,
12-7-1986.

గాలి పరీక్షల ఆఫీసరు గారికి నమస్కారాలు.

మార్చిలో మా మేడ మీద యంత్రం పెట్టి గాలి పట్టుకెళ్ళారు. అందులో సీసం హద్దు దాటలేదని మీ కాగితం వచ్చింది. మా ఇంటి పక్కన పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డువాళ్ళు దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నారు.

అయ్యా, మార్చిలో ఆ కొలిమి వెలగదండి. కళ్ళాల్లో మిరపకాయలు ఎండే రోజులవి. మసి పడితే కాయ నల్లబడుతుందని రైతులు గొడవకి వెళ్తే, సరుకు మిర్చి యార్డుకి చేరేదాకా షెడ్డు మూస్తారు. ఏటా ఇంతే. మీతో చెప్పాలని మాకెవరికీ తోచలేదు. మీరూ అడగలేదు.

ఇప్పుడు రాత్రీ పగలూ కరిగిస్తున్నారు. మా అమ్మాయి శివకుమారికి ఆరేళ్ళు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది, వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోతోంది. రక్తంలో సీసం చేరిందని గుంటూరు డాక్టరు గారన్నారు. మా ఆవిడ షెడ్డుకి వెళ్ళి, "మిరపకాయల కోసం ఆపుతారుగా, నా పిల్ల కోసం ఆపండయ్యా" అని ఏడ్చింది. "గాలి బాగుందని గవర్నమెంటే రాసిచ్చిందమ్మా" అని గోడ చూపించారు.

ఈ నెలలోనే మళ్ళీ రండి. ఈసారి యంత్రం మేడ మీద వద్దు, వాకిట్లో పెట్టండి. మంచమెత్తున ఉంటే చాలు. పిల్ల లేచి నిలబడటం లేదు.

ఇట్లు,
మేడ ఇంటివాడు