వదులు నట్టు

బీదర్,
14 నవంబరు 1973

నా ప్రాణమైన ఎంకమ్మక్కకు,

నీ చెల్లెలు సిద్ధమ్మ మొక్కులు. బసవకళ్యాణ్‌లో నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనుకుంటాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదివి పొయ్యిలో వెయ్యి. బావకు కూడా చూపించొద్దు.

మీ మరిది బండికి ఇంకా నూనె కారుతోందా అని అడిగావు. కారుతోంది. నూనె ఒక్కటే కాదు, గాలి కూడా. వేలంలో తెచ్చిన మిలిటరీ జీపు చట్రం మీద పాత డీజిల్ ఇంజన్ ఎక్కించి, డ్యాం పనుల దగ్గర పాడుబడ్డ బుల్డోజర్ నుంచి విప్పుకొచ్చిన టర్బోను దానికి బిగించాడు. ఇంజన్ వదిలే పొగతోనే అందులో ఒక చక్రం తిరిగి, లోపలికి గాలిని బలంగా తోస్తుందట. పొయ్యి ఊదే గొట్టంలా ఉందని మా గల్లీలో దాన్ని ఫుంకనీ బండి అంటున్నారు. మా ఆయన గుండప్ప చేతిలో పడ్డాక మాట వినని ఇంజన్ లేదని బీదరంతా అనుకునేది కదా. ఇది మాత్రం మూడు నెలలుగా వినడం లేదు. ఒకరోజు గాలి గొట్టం బుస్సుమంటుంది. ఇంకోరోజు నూనె పైపు చెమరుస్తుంది. ప్యాకింగులన్నీ మార్చాడు. సబ్బునీళ్ళు పూసి, బుడగ లేచిన చోటల్లా బిగిస్తాడు. ఆ సబ్బునీళ్ళ గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది నేనే. మర్నాటికి లీకు ఇంకోచోట తేలుతుంది.

అక్కా, ఆ లీకులు పెడుతున్నది నేను.

ఆయన స్నానానికి పోయినప్పుడు పానా తీసుకుని ఏదో ఒక నట్టు సగం చుట్టు వదులు చేస్తాను. ఎక్కువ తిప్పితే కనిపెడతాడు. సగం చుట్టు చాలు. పన్నెండేళ్ళుగా ఆయనకు పనిముట్లు అందిస్తున్నాను, ఎంత తిప్పాలో నా చేతికి తెలుసు.

నీకు పిచ్చి పట్టిందా అంటావు. పట్టలేదు. ఆషాఢంలో నా బిడ్డ తాయవ్వ పోయినప్పుడు నువ్వొచ్చావు. అందరూ చెప్పుకున్నదే నువ్వూ విన్నావు. జరిగింది అది కాదు. పిల్లకు పొద్దున ఒళ్ళు వెచ్చబడింది. మధ్యాహ్నానికి కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. వాన కురుస్తోంది, వీధిలో ఒక్క టాంగా లేదు. రిపేరుకు వచ్చి బాగైన ఎవరిదో జీపు మా వాకిట్లోనే ఉంది. పిల్లను భుజాన వేసుకుని గడప దగ్గర నిలబడి అరిచాను. "ఏమయ్యా! జల్దీ రా, పిల్ల కండ్లు తేలేస్తాంది!" మూడుసార్లు అరిచాను. ఆయన షెడ్డులో ఆ టర్బో మీదికి వంగి ఉన్నాడు. చివరికి నేనే వానలో పరిగెత్తి చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను. మిషన్ ఆస్పత్రిలో నర్సు హేబ్సిబా పిల్ల కళ్ళు ఎత్తి చూసి, "ఇంకింత ముందుగాల తెస్తే ఏమన్న చేస్తుంటిమి తల్లీ" అంది.

అందరి ముందూ ఆయన ఏమన్నాడో గుర్తుందా? "ఇంజన్ చప్పుడుకు ఇనవడలే. ఈమె గూడ ఆలస్యంగ చెప్పింది." ఆ మాట పట్టుకుని మా అత్త చంద్రవ్వ తమ ఊరు కమఠాణంతా తిరిగి చెప్పింది. "కన్నతల్లికి బిడ్డ జరం ఎరుకగాకపోతదా? ఏం చేస్తాందో ఇంట్ల కూసొని." పదకొండో రోజు కర్మకు వచ్చి నా చేతి నీళ్ళు కూడా తాగలేదు.

ఇంజన్ అప్పుడు నడవడం లేదక్కా. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, నాకూ ఆయనకూ. బిడ్డ పోయిన దుఃఖం ఒకటైతే, దాన్ని నేనే చంపుకున్నానన్న పేరు ఇంకొకటి. వినబడలేదన్నాడు కదా. ఇక బతికినంతకాలం ఏ గొట్టం ఎక్కడ బుస్సుమంటుందో చెవి పెట్టి వింటూనే ఉండనీ.

నీ సిద్ధమ్మ


బీదర్,
20 జనవరి 1974

ఎంకమ్మక్కా,

నీ జవాబు అందింది. "పాపం, ఆయనా తండ్రే" అని రాశావు. ఆ ఒక్క వాక్యానికి వారం రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. అందుకే ఆలస్యం.

నిన్న నా కడుపు నిండిన సంగతి చెబుతాను. రాచయ్య అని ఇక్కడ పెద్ద లారీల యజమాని ఉన్నాడు. బరువు వేసుకుని ఆ బండి ఏటవాలు చడావు ఎక్కితే తన లారీల షెడ్డుకు మీ మరిదిని పెద్ద మేస్త్రీగా పెట్టుకుంటానన్నాడు. శాహ్‌గంజ్ దర్వాజా దగ్గర జనం పోగయ్యారు. ఆయన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. బండిలో పది బస్తాల జొన్నలు. చడావు సగం ఎక్కగానే గాలి గొట్టం ఊడి ఢామ్మంది. నల్లటి పొగ, రాచయ్య ధోవతి మీదిదాకా. దాని క్లిప్పును పొద్దున వదులు చేసింది నేనే.

"గుండప్పా, ఇది బండా, ఇటుకల బట్టీనా?" అన్నాడు రాచయ్య. జనం విరగబడి నవ్వారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అందరూ ఏడుస్తున్నాననుకున్నారు.

ఇంటికొచ్చి ఆయన అన్నం ముట్టలేదు. నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. ఆయన మొహం చూసినప్పుడు నాకు జాలి వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. అత్త మాటలు మోస్తూ నేను బావి దగ్గర నిలబడ్డప్పుడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. అప్పుడు ఆయన ఒక్క మాట అనలేదు.

రాచయ్య ఇంకో అవకాశం ఇచ్చాడు, హోలీ అయ్యాక. ఈసారి నూనె పైపు చూసుకుంటాను. టర్బోకు నూనె అందకపోతే లోపలి చక్రం కాసేపట్లోనే కాలి పట్టేస్తుంది. ఇక బాగుచేయడానికి ఏమీ మిగలదు. వద్దని రాయకు. రాసినా ఆగను.

నీ సిద్ధమ్మ


కమఠాణ,
17 మార్చి 1974

నా తల్లివంటి అక్కకు,

నేను కమఠాణ నుంచి రాస్తున్నానని ఆశ్చర్యపోకు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రాచయ్య పరీక్ష మర్నాడనగా, పొద్దున్నే నూనె పైపు నట్టు వదులు చేశాను. ఈసారి సగం చుట్టు కాదు, రెండు చుట్లు. అన్నం వేళకు పక్కింటి సక్కుబాయి గోడ అవతల నుంచి కేక పెట్టింది. ఆమెకు తొమ్మిదో నెల. మొగుడు కండక్టరు, బస్సు మీద హుమ్నాబాద్ పోయాడు. నేను వెళ్ళేసరికి చీరంతా రక్తం. మీ మరిది ఒక్క చూపు చూసి, పరీక్షకని ఎక్కించిన బస్తాలు కింద పడేసి ఆమెను బండిలో పడుకోబెట్టాడు. ఆ రోజు వాకిట్లో ఇంకో బండి లేదు.

ఆయన ఇంజన్ మోగించాడు. నేను సక్కుబాయి తల ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ఆస్పత్రి దాకా పోలేమని ఆ బండిలో నాకొక్కదానికే తెలుసు. నట్టు ఊడుతుంది, నూనెంతా రోడ్డు పాలవుతుంది, నడిదారిలో ఇంజన్ ఆగుతుంది. సక్కుబాయి నా చేయి పట్టుకుని, "అక్కా, నా బిడ్డ బతుకుతదా?" అంది.

"ఆపు! బండి ఆపు!" అని అరిచాను. ఈసారి వెంటనే ఆపాడు. కిందికి దూకి, పానా తీసుకుని, బానెట్ ఎత్తి ఆ నట్టు బిగించాను. వెతకలేదు, సబ్బునీళ్ళు పూయలేదు. నా చేయి నేరుగా దాని మీదికే పోయింది. ఆయన స్టీరింగు దగ్గర నుంచి తొంగి చూస్తూ ఉండిపోయాడు. నేను పానా విసిరేసి ఎక్కి కూర్చున్నాను. "నడువు" అన్నాను.

బండి ఎంత జోరుగా పోయిందో చెప్పలేను. ఆ టర్బో ఈల వేస్తుంటే దారిలో గొడ్లు బెదిరిపోయాయి. ఇన్నాళ్ళూ నేను పరుగెత్తనివ్వని బండి అది. హేబ్సిబా ఎదురొచ్చి సక్కుబాయిని లోపలికి తీసుకుపోయింది. తల్లీ బతికింది, మగపిల్లవాడూ బతికాడు.

ఆస్పత్రి వాకిట్లో ఆయన అడిగాడు. "ఎన్నాళ్ళ సంది?"

"పిల్ల పోయిన పదహారో దినం సంది."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "ఇనవడ్డది సిద్ధా" అన్నాడు. "మొదటి కేకే ఇనవడ్డది. ఒక్క బోల్టు బిగిచ్చి పోదామనుకున్న. పిల్లలకు జరం వస్తనే ఉంటది అనుకున్న. అందరు అడిగితే బుగులైంది. ఆ భయంల నీ మీద ఏసిన."

ఈ మాట కోసం ఎనిమిది నెలలు కాచుకున్నాను. వింటే చల్లబడతాననుకున్నాను. ఇంకా మండింది. "నాకు చెప్తె ఏం లాభం? నాకు ముందే ఎరుక. కమఠాణకు పోయి మీ అవ్వకు చెప్పు. పదకొండో దినం నాడు కూసున్నోళ్ళందరినీ పిలిచి చెప్పు. చెప్పేదాంక నీ ఇంట్ల పొయ్యి ముట్టియ్య" అన్నాను.

రాచయ్య పరీక్షకు పోలేదు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. దానికి నేను బాధపడుతున్నానని రాస్తే అబద్ధమవుతుంది. అదే వారం నన్ను బండిలో ఎక్కించుకుని ఇక్కడికి వచ్చాడు. అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, నిలబడి చెప్పాడు. నీళ్ళు నమలలేదు. "నా పెండ్లాం తప్పు లేదు. ఇనవడి గూడ పోలే నేను. అబద్ధం చెప్పిన" అన్నాడు. ఆయన తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. నేను ఒక్కొక్కరి మొహం చూశాను అక్కా, ఎవరినీ వదల్లేదు. నన్ను అన్న ప్రతి మాటకూ ఒక మొహం ఉంది, ఆ మొహాలన్నీ చూశాను.

మా అత్త ఏడవలేదు. లేచి లోపలికి పోయింది. నేను వెంట పోలేదు. చాలాసేపటికి తనే బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. నా చేయి పట్టుకోబోయి పట్టుకోలేదు.

ఆయన్ను బీదర్ పొమ్మన్నాను. బండి తీసుకుని ఒక్కడే పోయాడు. మళ్ళీ ఆయన ఇంటికి ఎప్పుడు పోతానో, పోతానో లేదో నాకే తెలియదు. ఆయన్ను క్షమించానని మాత్రం ఎవరికీ చెప్పకు.

ఇక్కడే ఎందుకు ఉండిపోయావని అడుగుతావు. ఆయన బీదర్ వెళ్ళాక మా అత్త అడిగింది. "నాలుగేండ్ల పిల్ల. నేను దాన్ని గట్టిగ ఎత్తుకున్నది గూడ లేదు. ఎట్ల మాట్లాడేదే అది?"

పిల్ల పోయాక దాని గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. మొన్నటి నుంచి చెబుతూనే ఉన్నాను. ఇంకా అయిపోలేదు.

నీ చెల్లెలు,
సిద్ధమ్మ