గొట్టంలోకి నువ్వు ఊదిన ఊపిరి

నాయనా,

నీ సంవత్సరీకం అయిన మరునాడు ఎమ్మిగనూరులో మనింటికి డాక్టరమ్మ వచ్చింది. ఆదోని పత్తి మిల్లులో మీ కూలీల ఊపిరి మీద పరిశోధన చేసిందే, ఆమె. పని పూర్తయిందట. దూది దుమ్ము పీల్చేవాళ్ళకు ముందుముందు మంచి మందు దొరుకుతుందని వాళ్ళ ఆశ అట.

"మూడేండ్లు మా నాయనతో ఊదించినారే, ఆ గొట్టం మందు కాదా?" అని అడిగాను.

"కాదమ్మా, అది ఊపిరి కొలవడానికే," అంది.

ఊదొచ్చిన ప్రతిసారీ "రొమ్ము తేలికైంది పాపా" అనేవాడివి. "ఆడ వైద్యం జరుగుతాంది గదా" అని ఆస్పత్రి మాత్రలు మానేశావు. ఆ సంగతి కూడా రాసుకోమని డాక్టరమ్మతో అన్నాను. కాగితాలన్నీ తిరగేసి, అది రాయడానికి గడి లేదంది.

నీ ఊపిరి ఎంతెంత తగ్గుతూ వచ్చిందో మాత్రం, ఒక్క నెల కూడా వదలకుండా రాసి పెట్టుకున్నారు.