పాత ఓనర్ కొలత

సిరిసిల్ల, అక్టోబర్ 2011, మంగళవారం రాత్రి

చిన్న కారే తీసుకుందామని మా ఆవిడ సుజాతతో చెప్పేశాను. జగిత్యాలలో ఇద్దరం కలిసి చూసిన రెండేళ్ల బండి. ఆమెకు మొదటి నుంచీ అదే ఇష్టం.

పొద్దున కోరుట్లలో పాత కార్లు అమ్మే ఖాదర్ భాయ్ దగ్గర ఆ ఎర్రటి స్పోర్ట్స్ కారు నడిపి చూశాను. పాతదే అయినా చిన్న కారు ధరకే ఇస్తానన్నాడు. స్టార్ట్ చేయగానే సీటు తనంతట తానే వెనక్కి జరిగింది. నా కాళ్లు అందలేదు.

"గది పాత ఓనర్ కొలత, అన్నా. బండి యాదికి పెట్టుకుంటది," అన్నాడు భాయ్.

సీటు ముందుకు జరుపుకుని, భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మల్లాపూర్ వైపు పోనిచ్చాను. తెలంగాణ కోసం సమ్మె కదా, ఒక్క బస్సూ లేదు. ఒక ఊరి బయట జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి నినాదాలు ఇస్తున్నారు. కారును చూడగానే అందరూ నినాదాలు ఆపేశారు. అడగకుండానే లేచి దారి ఇచ్చారు. ఒక ముసలాయన దగ్గరికి వస్తే అద్దం దించాను. ఆయన నా ముఖంలోకి సూటిగా చూశాడు.

"పటేలా, మీరు కాలం చేసిండ్రన్నరు గద. మంచిగున్నరా?"

"మంచిగున్న," అన్నాను.

నేను వేరే మనిషినని చెప్పాల్సింది. ఆ మాట నోటికే రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఖాదర్ భాయ్ నా వైపు చూడలేదు. కారు వద్దంటే ఎందుకని కూడా అడగలేదు.

నాకు అప్పుడు భయం వేయాల్సింది. వేయలేదు. చాలా రోజులకు సొంతవాళ్లెవరో పలకరించినట్టు అనిపించింది.